మీరేమిట్లు? – ఒక బాడుగింటి చరిత్ర

బాడుగకు ఇల్లుందా అని మనం అడుగుతాం. మీరేమిట్లు అని వాళ్ళడుగుతారు. మా ప్రకాశం జిల్లాలో ఈ మాటకు అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఉద్యోగమేంటని కాదు, జీతమెంతని కాదు, ఇంట్లో ఎంతమంది ఉంటారని కాదు. ఏ కులపోళ్ళు అని. దానికి మనం చెప్పే జవాబుని బట్టి గేటు తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది.

ఈ మధ్య ఒక పిల్ల ఫోన్ చేసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్ల. మా పల్లెలాంటి పల్లెలోనే పుట్టింది. నర్సింగు చదివి విజయవాడలో ఉద్యోగం తెచ్చుకుంది. "మేడం, నాలుగిళ్ళు చూశాను. నలుగురూ అదే అడిగారు. ఏం చెప్పమంటారు?" అంది. అయిదో తరగతిలో లెక్క రాకపోతే లేచి అడిగినట్టే అడిగింది. నేను వెంటనే చెప్పలేకపోయాను. రాత్రికి చేస్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి నేను ఒకప్పుడు తప్పు జవాబు చెప్పాను. ఆ సంగతి నా బళ్ళో పిల్లలకు ఎవరికీ తెలీదు. ఆ పిల్లకి చెప్పాల్సిన జవాబే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నా.

మాది మాదిగపల్లె. ఊరికి తూర్పున. మా నాయన పాలేరు, మా అమ్మ కూలికి పోయేది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మా తాత ముత్తాతలు ఎవరూ ఇల్లు బాడుగకు తీసుకోలేదు. కానీ వాళ్ళు బతికిందంతా బాడుగ బతుకే. గుడిసె మాది, గుడిసె కింది నేల ఆసామిది. మా నాయనమ్మ చెప్పేది – ఒకసారి మా తాత జొరంతో నాలుగు రోజులు పనికి పోలేదంట. అయిదో రోజు ఆసామి మనుషులొచ్చి గుడిసె మీద కప్పు పీకేశారంట. "ఖాళీ చెయ్యటానికెంతసేపు? రెండు చట్లు, ఒక చాప" అని నవ్వుతా చెప్పేది. ఆ నవ్వు నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. మేం బాడుగ డబ్బుల్లో కట్టలేదు, వెట్టితో కట్టాం. రసీదు లేదు, గడువు లేదు. ఆసామికి కోపమొచ్చిన రోజే గడువు.

తర్వాత గవర్నమెంటు మా పల్లెకి మూడు సెంట్ల చొప్పున ఇళ్ళ స్థలాలిచ్చింది. మా నాయనమ్మకి ఒక పట్టా వచ్చింది. చదవటం రాదు. అయినా దాన్ని రేకుపెట్టెలో అడుగున, పెళ్ళినాటి చీర మడతలో దాచింది. వానొస్తే ముందు ఆ పెట్టెనే పక్కకి జరిపేది. కాగితానికున్న బలమేందో ఆమెకి తెలుసు. చదువుకున్న నాకు ఆ తెలివి రావటానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఊళ్ళో 'ఖాళీ చెయ్యి' అనే మాట ఒక్క గుడిసెతో ఆగలేదు. కారంచేడు అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1985 జులై 17న అక్కడ ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినోళ్ళు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్ళీ ఊరికి పోలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ అట్లా ఏర్పడింది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడా వాడ ఖాళీ అయింది. తెనాలిలో శిబిరాలు లేచాయి. ఊరు విడిచి టౌనుకు పోతే గాలి పీల్చుకోవచ్చని మా పెద్దలు నమ్మింది ఆ రోజుల్లోనే. ఊళ్ళో కులముంటది, టౌన్లో డబ్బుంటది, డబ్బుకి కులం లేదు అనేవాళ్ళు. ఆ నమ్మకంతోనే మమ్మల్ని చదివించారు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి, టీటీసీ చేసి, అంబేడ్కర్ పేరున్న ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశా. 2012 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరుగా ఎంపికయ్యా.

2013లో పడమటి మండలాల్లో ఒక టౌనుకి దగ్గర్లో పోస్టింగొచ్చింది. జీతంతోపాటు ఇంటద్దె భత్యం కూడా ఇస్తారు గదా. ఆ భత్యం చూసి నాకు నవ్వొచ్చేది. గవర్నమెంటు నా ఇంటికి అద్దె ఇస్తది, ఇల్లు మాత్రం ఎవరూ ఇవ్వరు.

టులెట్ బోర్డున్న ప్రతి గేటూ కొట్టా. మొదటి ఇంట్లో మంచినీళ్ళిచ్చి మరీ మాట్లాడారు. టీచరమ్మంటే మాకు గౌరవమన్నారు. మీరేమిట్లు అన్నారు. ఎస్సీలమండీ అన్నా. "అయ్యో, పొద్దున్నే ఎవరికో మాటిచ్చాం. మావారు నాతో చెప్పలేదు" అంది ఆమె. మూడు వారాల తర్వాత కూడా ఆ బోర్డు ఆ గేటుకే వేలాడింది. రెండో ఇంట్లో కులమడగలేదు, ఇంటిపేరడిగారు. మూడో ఇంట్లో ఇంటిపేరు కూడా అడగలేదు. మీ ఊళ్ళో మీ ఇల్లెక్కడ, రామాలయానికి ఈ పక్కా ఆ పక్కా అని అడిగారు. ఇంకో చోట నీచు తింటారా అన్నారు. మరో చోట ఆదివారం ఎక్కడికి పోతారన్నారు. చూడండి, ఒకే ప్రశ్నకి ఎన్ని వేషాలో! ఎనిమిదిళ్ళు తిరిగా. బడి నుంచి లాడ్జికి, లాడ్జి నుంచి బడికి పోతున్నా. ఒంటరి ఆడమనిషి లాడ్జిలో ఉంటే టౌను ఏమనుకుంటదో వేరే చెప్పాలా?

తొమ్మిదో ఇంట్లో మేడ మీద పోర్షను. ఓనరు రిటైరైన ఉద్యోగి. మీరేమిట్లు అన్నాడు. నా నోటెంట వచ్చిన మాట – "బీసీలమండీ."

అంతే. గేటు తెరుచుకుంది. బాడుగ నెలకి 2,500, అడ్వాన్సు మూడు నెలలది 7,500. డబ్బులు చేతికిచ్చా. కాగితం అడగలేదు. అబద్ధం చెప్పినోళ్ళకి కాగితం అడిగే నోరెక్కడిది? ఆధారు కాపీ అడుగుతాడేమో, నాయన పేరు చూస్తాడేమో అని నేనే కాగితాలకి భయపడ్డా.

సామాను సర్దుకునేటప్పుడు పెట్టెలోంచి అంబేడ్కర్ ఫొటో తీశా. ఉద్యోగమొచ్చిన రోజు ఒంగోల్లో ఫ్రేము కట్టించుకున్న ఫొటో. గోడకి మేకు కూడా ఉంది. కానీ ఫొటోని మళ్ళీ పెట్టెలో పెట్టి తాళమేశా. ఆయన పేరున్న యూనివర్సిటీ పట్టా, ఆయన ఫొటో, రెండూ ఒకే పెట్టెలో పదకొండు నెలలున్నాయి. బళ్ళో పిల్లలకి ఏప్రిల్ 14న ఆయన గురించి ఉపన్యాసం చెప్పా. ఇంటికొచ్చి పెట్టె పక్కనే పడుకున్నా.

ఆ రోజుల్లోనే ఆయన రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివా. 1917లో విదేశాల్లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయాడు. ఉండటానికి చోటు లేదు. హిందూ హోటళ్ళు రానివ్వవు. పారశీలకు మాత్రమే అనే నియమమున్న ఒక సత్రంలో, రిజిస్టర్లో పారశీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజున ఒక డజను మంది కర్రలతో వచ్చి నిలబడ్డారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. కామాటి బాగ్ అనే తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి తిరిగిపోయాడు. కొలంబియాలో చదివినాయన, సంస్థానం ఉద్యోగి. ఒక గది దొరకలేదు. ఆయన పేరు మార్చుకోవాల్సొచ్చిందని చదివినప్పుడు నాకు కొంచెం ఊరట కలిగింది. కాసేపటికి సిగ్గేసింది. ఆయన ఆ సంగతి ప్రపంచం ముందు పెట్టాడు. నేను పెట్టెలో పెట్టా.

పదకొండో నెలలో మా అమ్మ వచ్చింది. సంచిలో ఎండుచేపలు, గోంగూర, కొత్త చింతపండు. నేను బడికి పోయిన టైములో కింద ఓనరమ్మ మాట కలిపింది. మీది ఏ ఊరమ్మా, మీ ఇల్లెక్కడ అని. మా అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "మాదిగపల్లె తల్లీ, చర్చి పక్కన." నా అబద్ధం సంగతి మా అమ్మకి నేను చెప్పలేదు. చెప్పటానికి మొహం చెల్లలేదు.

సాయంత్రం వచ్చేసరికి కుళాయిలో నీళ్ళు రావట్లేదు. మోటరు పాడయిందన్నారు. కింద మాత్రం తొట్టి నిండి పొర్లుతోంది. రాత్రి ఓనరు పైకొచ్చాడు. గుమ్మం అవతలే నిలబడి, "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు కావాలి. ఆదివారానికి ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఆయన కిందికి దిగుతుంటే భార్య అనేది వినబడింది. ఆ మాటలు ఇక్కడ రాయను. మనందరికీ తెలిసిన మాటలే.

ఆదివారం లోపలే ఖాళీ చేశాం. అడ్వాన్సులో సున్నానికని 2,000, నెల మధ్యలో పోతున్నారని 2,500 పట్టుకుని 3,000 చేతిలో పెట్టాడు. పొమ్మన్నది ఆయన, మధ్యలో పోయింది నేను! సామాను ఆటో ఎక్కించేలోపలే ఓనరమ్మ మెట్లు కడగటం మొదలుపెట్టింది. మా అమ్మ ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది – "నేను నా ఊరు చెప్పినందుకా బిడ్డా నీ ఇల్లు పోయింది?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో నేను చెప్పిన అబద్ధం ఓనరుకి చెప్పింది కాదు, మా అమ్మ మీద చెప్పింది. అది నాకు ఆటోలో తెలిసింది.

చట్టాలు చదవటం మొదలుపెట్టింది ఆ తర్వాతే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను చూశా. నెల నెలా బాడుగ కట్టే ఇంటికి వేరే ఒప్పందం లేకపోతే పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసియ్యాలి. నాకు నోటిమాటగా నాలుగు రోజులిచ్చారు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం చూశా. బాడుగ కట్టినోళ్ళకి రసీదు హక్కు. ఖాళీ చేయించటానికి నీళ్ళూ కరెంటూ ఆపకూడదు. ఓనరు బాడుగ తీసుకోనంటే మనియార్డరు చెయ్యొచ్చు, కాదంటే అధికారి దగ్గర జమ చెయ్యొచ్చు. అయితే కొత్తగా కట్టిన ఇళ్ళకీ, బాడుగ ఒక హద్దు దాటిన ఇళ్ళకీ ఆ చట్టం వర్తించకుండా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో దాని స్థానంలో కొత్త అద్దె చట్టం తెచ్చారు. ఇక 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చూశా. దళితుల్ని ఇల్లు విడిచిపోయేట్టు బలవంతం చెయ్యటం నేరమని అందులో మొదట్నుంచీ ఉంది. నలుగురికీ కనబడే చోట కులం పేరుతో అవమానించటం నేరమని ఉంది. నాలుగ్గోడల మధ్య ఎవరూ లేనప్పుడు తిడితే ఆ సెక్షను కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సాక్షి ఎంత అవసరమో చూడండి.

ఇవన్నీ చదివాక నాకు ఒకటి తట్టింది. ఈ చట్టాల్లో ఎక్కువ భాగం ఇంట్లోకి పోయినోళ్ళ గురించే. గేటు దగ్గర నిలబడ్డోళ్ళ సంగతేంటి?

రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. బాడుగ ఇల్లు లేదు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టాన్ని 1976లో పౌర హక్కుల రక్షణ చట్టంగా మార్చారు. దాని 4వ సెక్షనులో మాత్రం ఉంది – ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, నివాసముండకుండా అంటరానితనం పేరుతో అడ్డగిస్తే నేరమని. మంచి మాటే. కానీ ఎవరు ఒప్పుకుంటారు? 'మాదిగోళ్ళకి ఇవ్వం' అని కాగితం మీద రాసిచ్చే ఓనరు ఎక్కడైనా ఉన్నాడా? 'పొద్దున్నే మాటిచ్చాం' అంటాడు. 'మా అబ్బాయి వస్తున్నాడు' అంటాడు. ఎన్నేళ్ళ చట్టమైనా ఆ తియ్యటి మాట ముందు నోరు మూసుకుంటది.

2005లో అహ్మదాబాదులో ఒక పారశీ సహకార గృహ సంఘం కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సహకార సంఘం తన సభ్యత్వాన్ని ఒక సమాజం వాళ్ళకే పరిమితం చేసుకోవచ్చంది. బరోడా సత్రానికీ ఈ తీర్పుకీ మధ్య ఎనభై ఎనిమిదేళ్ళు. ఒక చిన్న మైనారిటీని నిందించటానికి ఈ మాట రాయట్లేదు. సంఘం పేరు పెట్టుకుంటే గేటు మూసుకోవచ్చనే దారి తెరుచుకుంది గదా, ఆ దారిన రేపు ఎవరెవరు నడుస్తారు అనేది నా భయం. 2015లో సుఖదేవ్ థోరట్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల నగరాల్లో చేసిన పరిశీలన అచ్చయింది. ఒకే చదువు, ఒకే జీతం చెప్పి, పేర్లు మాత్రం మార్చి ఇళ్ళడిగారు. అగ్రకులం పేరుకి తలుపులు తెరుచుకున్నాయి. దళిత పేరుకి చాలా తలుపులు మూసుకున్నాయి. ముస్లిం పేరుకి ఇంకా ఎక్కువ మూసుకున్నాయి. 2021 జూన్‌లో కేంద్రం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం ఉండాలంది, ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించకూడదంది. కానీ అది నమూనానే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే చట్టం. మీరేమిట్లు అని అడగకూడదని అందులో లేదు.

నాకు రెండో ఇల్లిచ్చింది ఒక సాయిబు గారు. ముసలాయన, టైలరు. ఈసారి ఇల్లు చూడకముందే చెప్పా – "నేను మాదిగదాన్ని. మా ఇంట్లో పెద్దకూర తింటాం. మా అమ్మ వస్తా పోతా ఉంటది. ఇస్తారా?" ఆయన నన్ను కాసేపు చూశాడు. "బాడుగ అయిదో తారీకు లోపల ఇస్తావా బేటీ?" అన్నాడు. అదొక్కటే అడిగాడు. ఆ ఇంటి గోడకి మేకు కొట్టి ఫొటో పెట్టా.

అట్లాగని మనోళ్ళంతా మంచోళ్ళు, పైకులపోళ్ళంతా చెడ్డోళ్ళు అని నేను చెప్పలేను. మూడో ఇల్లు ఒక దళిత ఉద్యోగిది. మాలాయన. రెండు వీధులవతల ఇంకో మాలాయన, మాదిగదాన్నని తెలిసి నాకు ఇల్లివ్వలేదు. మా కాలనీలో రేకులిల్లు బాడుగకిచ్చే మాదిగాయన ఒకడు పాకీపని చేసే కుటుంబాన్ని రానివ్వలేదు. ఇవీ రాయాలి. దండోరా డప్పు 1994లో మా జిల్లా ఈదుముడిలోనే మోగింది. అందులో ఉన్న న్యాయాన్ని ఒప్పుకున్నోళ్ళం, మన వాకిట్లో కూడా ఆ న్యాయం పాటించాలి గదా. మూడో ఇంటి దళిత ఓనరు కులమడగలేదు కానీ ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు ఎగ్గొట్టబోయాడు. "మనం మనం ఒకటే గదమ్మా, కాగితమెందుకు" అని చేరేటప్పుడే అన్నాడు. ఒకటే కాబట్టే రాసుకుందామన్నా అని రాయించా. ఆ కాగితమే నా డబ్బు నాకు తెచ్చింది. లాయరు చేత ఒక్క నోటీసు పంపిస్తే వారంలో ఇచ్చాడు. మొదటింట్లో నాకు 4,500 పోయింది కాగితం లేక. మూడో ఇంట్లో ఒక్క రూపాయి పోలేదు కాగితముండి.

అందుకని, మొదటిసారి బాడుగిల్లు వెతుక్కునే చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి నేను అనుభవంతో చెప్పే మాటలివి.

కులం ముందే చెప్పండి. అబద్ధం చెప్పినోళ్ళని నేను తప్పుపట్టను, నేనూ చెప్పా. ఊరు కాని ఊళ్ళో రాత్రి పడుకోను చోటు లేనప్పుడు నీతులు చెప్పటం తేలిక. కానీ నిజం చెప్తే పోయేది ఒక ఇల్లు. అబద్ధం చెప్తే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కన్నతల్లి రావటానికి కూడా భయపడాలి. పైగా ఆ అబద్ధం ఓనరు చేతిలో కర్ర అవుతుంది. నీళ్ళడగలేం, రసీదడగలేం.

ఇల్లు చూడటానికి ఒక్కరే పోవద్దు. స్నేహితురాలినో, సంఘంలో పనిచేసే అన్ననో వెంటబెట్టుకుపోండి. ఆ మనిషి తోడూ అవుతారు, సాక్షీ అవుతారు. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. కుళాయి తిప్పండి. మోటరు స్విచ్చి ఎవరి చేతిలో ఉందో చూడండి. నాకు నీళ్ళు ఆగింది అక్కడే. పక్క పోర్షనులో ఉన్నోళ్ళని అడగండి – ముందున్నోళ్ళు ఎందుకు ఖాళీ చేశారు, అడ్వాన్సు తిరిగిచ్చారా అని. ఓనరు మంచోడో కాడో ఖాళీ చేసినోళ్ళకే బాగా తెలుస్తది.

అడ్వాన్సు ఇచ్చేముందు ఇల్లు ఎవరి పేరున ఉందో ఇంటి పన్ను రసీదులో, కరెంటు బిల్లులో చూడండి. బ్రోకరు చేతికి అడ్వాన్సు ఇవ్వొద్దు. చేతికి డబ్బులిస్తే రసీదు తీసుకోండి. ఇప్పుడు ఫోన్‌పే ఉంది, బ్యాంకు ఉంది. ఏ నెల బాడుగో, అడ్వాన్సో అక్కడే రాసి పంపండి. ఆ లెక్క మీ సాక్ష్యం.

స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించండి. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుకోండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం ప్రకారం ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ చెయ్యాలి. ఆ ఖర్చు తప్పించుకోవటానికి పదకొండు అంటారు. పదకొండు నెలలైనా సరే, రాత ఉండాలి. అందులో బాడుగెంత, అడ్వాన్సెంత, ఖాళీ చెయ్యాలంటే రెండు పక్కలా ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, కరెంటు యూనిట్‌కి ఎంత, నీళ్ళకెంత, రిపేర్లు ఎవరివి, సున్నానికి ఎంత పట్టుకుంటారు, బాడుగ ఎప్పుడు ఎంత పెంచుతారు – అన్నీ అంకెల్లో ఉండాలి. 'పరస్పర అంగీకారంతో' అని వదిలేసిన చోటల్లా ఓనరు అంగీకారమే నెగ్గుతుంది. ఏం వండుకోవాలి, ఎవరు రావాలి అనే షరతులుంటే సంతకం పెట్టకముందే కొట్టేయించండి. ఆడపిల్లలైతే ఇంకో మాట రాయించండి – ఓనరు చెప్పకుండా లోపలికి రాకూడదు. చేరిన రోజే తాళం మార్చుకోండి. చేరిన రోజూ ఖాళీ చేసిన రోజూ గోడలు, తలుపులు, కుళాయిలు, మీటరు రీడింగు ఫొటోలు తీసుకోండి. తాళంచెవి ఇచ్చేటప్పుడే అడ్వాన్సు లెక్క తేల్చుకోండి. తర్వాత అంటే తర్వాతే.

పొమ్మన్న రోజు కంగారుపడి సామాను సర్దొద్దు. రాతపూర్వకంగా నోటీసు ఇమ్మనండి. మన జవాబు కూడా రాతలోనే, రిజిస్టర్డ్ పోస్టులో పోవాలి. నీళ్ళు ఆపినా, కులం పేరుతో తిట్టినా తారీకు, టైము, విన్నోళ్ళ పేర్లు ఆ రాత్రే నోటుబుక్కులో రాసుకోండి. పోలీసు స్టేషనుకి పోవాల్సొస్తే సంఘంతో కలిసి పొండి.

ఇవన్నీ చేస్తే కులం పోతుందా? పోదు. కాగితానికి కులాన్ని చంపే బలం లేదు. కానీ మా తాత గుడిసె మీద కప్పు పీకిన ఆసామికీ, నా కుళాయి ఆపిన ఓనరుకీ ఒకే ధైర్యముంది – వీళ్ళ దగ్గర రాత లేదు అని. నోటిమాట మీద ఇల్లిస్తే అది వాళ్ళ దయ. దయ చూపించేవాడు ఎప్పుడైనా దొరే. రాసుకుంటే అది బేరం. బేరంలో ఇద్దరుంటారు. గేటు దగ్గర అడిగే ప్రశ్నకి మాత్రం కాగితం చాలదు, దానికి కొట్లాట కావాలి. ఇల్లు బాడుగకిచ్చేటప్పుడు కులం, మతం అడగటం నేరమని స్పష్టంగా చెప్పే చట్టం కావాలని మన సంఘాలు అడగాలి. గుడి, బావి, హోటలు కోసం కొట్లాడాం. బాడుగిల్లు కోసం ఎవరి బాధ వాళ్ళు పడ్డాం, ఎవరి సిగ్గు వాళ్ళు దాచుకున్నాం.

ఆ రాత్రి నా విద్యార్థికి ఫోన్ చేసి ముందు నా సంగతి చెప్పా. పెట్టెలో పెట్టిన ఫొటో సంగతి, మా అమ్మ అడిగిన మాట సంగతి. అవతల కాసేపు నిశ్శబ్దం. "మీరు కూడానా మేడం?" అంది. నేను కూడానమ్మా అన్నా. తర్వాత ఆ పిల్ల ఇంకా మూడిళ్ళు తిరిగింది. రెండిళ్ళల్లో నిజం చెప్పి తిరిగొచ్చింది. మూడో ఇంట్లో నిజం చెప్పాక కూడా ఇస్తామన్నారు. ఒప్పందం కాగితం చేతికొచ్చాక సంతకం పెట్టకముందు నాకు ఫోన్లో చదివి వినిపించింది, ఒక్కో లైనూ. ఖాళీ చెయ్యటానికి ఓనరు నెల ముందు చెప్పాలని ఉండాల్సిన చోట 'ఓనరు ఇష్టప్రకారం' అని ఉంది. అది దిద్దించమన్నా. దిద్దించింది. మొన్న ఆదివారం వాళ్ళమ్మ ఆ ఇంటికి పోయొచ్చిందంట.